జీటీని ఉంచుకోవాలా, ఇచ్చేయాలా?

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. సంగతి క్లుప్తంగా ఇది.

ఆమె ప్రైవేటు కాలేజీలో లెక్చరర్. భర్త, ఆరేళ్ల పాప, తండ్రితో కలిసి 180 గజాల సొంతింట్లో ఉంటున్నారు. తండ్రి కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. వయసు 68. తల్లి పోయాక బాపు గది దాటి బయటికి రావడం మానేస్తే, పుణెలో ఉద్యోగం చేస్తున్న తమ్ముడు నిరుడు సంక్రాంతికి వస్తూ యాభై రోజుల ముధోళ్ కుక్కపిల్లను ఒళ్లో పెట్టుకొని తెచ్చాడు. బాపే దానికి జీటీ అని పేరు పెట్టారు. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్. ఏళ్ల తరబడి ఆ బండికి పచ్చజెండా చూపిన మనిషి. జీటీ వచ్చిన నెలకల్లా ఆయన పొద్దున ఐదున్నరకే వడ్డేపల్లి చెరువు వైపు నడవడం మొదలుపెట్టారు.

దసరాకు నాలుగు రోజుల ముందు వాటర్ క్యాన్ అబ్బాయి గేటు వేయడం మరిచాడు. పండక్కి కోద్దామని పక్కింటి పెద్దమ్మ సాకుతున్న మూడు నాటుకోళ్లను జీటీ రెండు నిమిషాల్లో చంపేసింది. డబ్బు కట్టారు, మాటలు పడ్డారు. మూడు వారాల తర్వాత చెరువు కట్ట మీద పిల్లిని చూసి ఒక్క దూకు దూకింది. బెల్టు చేతికి రెండు చుట్లు చుట్టుకొని ఉన్న బాపు ముందుకు పడ్డారు. కుడి మణికట్టు విరిగింది. జీటీ మెడపట్టీలోంచి తల జార్చుకొని పరిగెత్తి, గంట తర్వాత కుంటుకుంటూ తనే ఇంటికొచ్చింది.

అప్పటినుంచి అది మెట్ల కింద గొలుసుతో ఉంది. రాత్రుళ్లు ఏడుస్తోంది. భర్త నెల రోజులు గడువు పెట్టారు. 'అది కాపలా కుక్క, కట్టేసి ఉంచండి' అంటాడు తమ్ముడు. ములుగు దగ్గర ఒకాయన అడవి పందుల మీదికి పనికొస్తుందని 20 వేలు ఇస్తానంటున్నాడు. ఆమె అడిగినవి మూడు. ఇది అసలు ఇంట్లో పెంచే కుక్కేనా? పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే ఈ తరమడం తగ్గుతుందా? వేటగాడికి ఇస్తే దాని పని దానికి దొరికినట్టే కదా, అందులో తప్పేముంది? చివర్న ఒక వాక్యం: 'బాపు మాతోని ఏం మాట్లాడుతలేడు. మంచం మెట్ల కాడికి మార్చుకున్నడు.'

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కుక్క కోసం, రెండోసారి మీ బాపు కోసం. మీ ఆయన ఏమన్నారో రాశారు. తమ్ముడు ఫోన్లో ఏమన్నాడో రాశారు. పెద్దమ్మ తిట్లు పొల్లు పోకుండా రాశారు, ములుగు మనిషి బేరం ఎంత దగ్గర మొదలై ఎంత దగ్గర ఆగిందో కూడా రాశారు. జీటీని ఏం చేద్దామని బాపును అడిగినట్టు మాత్రం నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. దీని దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు జీటీ సంగతి.

నేను పశువుల డాక్టరును కాను. ఈ జాతివే రెండు కుక్కలను ఒకదాని తర్వాత ఒకటి సాకినవాణ్ని. మీకు జరిగినవన్నీ ఏదో ఒక రూపంలో నాకూ జరిగాయి, ఒక్క మణికట్టు తప్ప.

మీ ఇంట్లో ఉన్నది జాగిలం. పేపర్లో 'పోలీసు జాగిలాలు' అని చదివీ చదివీ జాగిలమంటే వాసన పట్టేదని మనకు స్థిరపడిపోయింది. జీటీ బలం ముక్కులో లేదు, కంట్లో ఉంది. దాని పొడుగు మూతిని, ఆ మూతికి రెండు పక్కలకు జరిగిన కళ్లను గమనించండి. ఇలాంటి పొడుగు మూతి కుక్కలకు కంటి లోపలి పొరలో చూపు కణాలు అడ్డంగా ఒక పట్టీలా పరుచుకొని ఉంటాయి. పగ్ లాంటి పొట్టి మూతి వాటికి మధ్యలో గుంపుగా ఉంటాయి. అందుకే పగ్ మీ మొహం చూస్తూ కూర్చుంటుంది, జీటీ మీ భుజం మీదుగా వీధి చివర చూస్తుంది. అక్కడ ఏదైనా కదిలిందా, అంతే. కొన్ని అంగల్లోనే పూర్తి వేగం అందుకుంటుంది. ఆ క్షణంలో మీరు పిలిచినా వినపడదు. మొండితనమనుకుంటారు చాలామంది. వేల ఏళ్లుగా మనుషులు ఏరి ఏరి, మనిషి మాట కోసం ఆగకుండా తరిమే వాటినే ఈనించుకుంటూ వచ్చారు. ఆ కోళ్ల మీద దానికి కోపం లేదు, బహుశా ఆకలీ లేదు. రెక్కలు కొట్టుకుంటూ పరిగెత్తాయి, అది చాలు.

చచ్చిన కోడిని కుక్క మెడకు కడితే బుద్ధొస్తుందని ఊళ్లలో అంటారు. మీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఆ పని చేయకండి. కుళ్లు వాసన తప్ప దానికేమీ అర్థం కాదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ఈ జాతికి కర్వానీ అనీ, కారవాన్ హౌండ్ అనీ, ముధోళ్ హౌండ్ అనీ పేర్లున్నాయి. బిడారులతో పడమటి నుంచి దక్కనుకు వచ్చిన సలూకీలనే ఎడారి వేటకుక్కల సంతతి అని చెబుతారు. కర్ణాటకలో బాగల్‌కోట్ జిల్లా ముధోళ్ ఒకప్పుడు చిన్న సంస్థానం. అక్కడి రాజు మాలోజీరావు ఘోర్పడే వీటిని పెంచి, ఒక జతను ఐదో జార్జికి బహూకరించాక ముధోళ్ పేరు స్థిరపడింది. 2005లో మన తపాలా శాఖ స్టాంపు వేసింది, 2016లో సైన్యం మీరట్‌లో శిక్షణ మొదలుపెట్టింది. మీ తమ్ముడు బహుశా ఈ చివరి ముక్క విని కాపలా కుక్క అనుకొని ఉంటాడు. నాకు పనికొచ్చేది మొదటి ముక్క. ఎడారిలో బెదూయిన్లు మామూలు కుక్కలను గుడారం బయటే ఉంచేవాళ్లు. సలూకీకి మాత్రం గుడారం లోపల, మనుషుల మధ్య చోటు. ఒంటి మీద కొవ్వుండదు, బొచ్చు పలచన, తోలు పలచన. గచ్చు మీద పడుకుంటే మోచేతులు ఒరుసుకుపోతాయి. పొద్దునా సాయంత్రం కాళ్లు సాగితే మిగతా రోజంతా పరుపు దొరికిన చోట పడి నిద్రపోయే జాతి ఇది. కాబట్టి ఇంట్లో పెంచే కుక్కేనా అంటే, ఇంట్లో తప్ప ఇంకెక్కడా పెంచకూడని కుక్క. మెట్ల కింద గొలుసుతో ఏడుస్తున్నది అందుకే.

మీ పాప గురించి ఒక్క మాట. ఈ కుక్కలు మనుషులతో మెత్తగానే ఉంటాయి గానీ, కొన్ని నిద్రలో ఉలికిపడి నోరు వేస్తాయి. అది పడుకున్నప్పుడు మీద చెయ్యి వేయకుండా ముందు పేరు పెట్టి పిలవడం పాపకు అలవాటు చేయండి.

ఇంటికొచ్చినవాళ్లు 'ఏందమ్మా, కుక్కకు బువ్వ పెడ్తలేరా? బొక్కలు కనవడ్తున్నయ్' అంటున్నారని బాధపడ్డారు. నడుము ఎముకలు, రెండు మూడు పక్కటెముకలు కనిపించడమే దీనికి ఆరోగ్యం. వాళ్ల మాట విని పెరుగన్నం కుమ్మరించకండి. లోతైన ఛాతీ ఉన్న కుక్క కాబట్టి కడుపు నిండా తిన్న వెంటనే పరిగెత్తితే పొట్ట మెలిపడే ప్రమాదం ఉంది. తిండి రెండు పూటలుగా పెట్టండి, తిన్నాక గంటకు పైగా విశ్రాంతి ఇవ్వండి. పొట్ట ఉబ్బి, వాంతికి ప్రయత్నించినా ఏమీ రాకపోతే పొద్దున చూద్దామనుకోవద్దు. అప్పటికప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఆపరేషన్ సంగతి. మగ కుక్కకు వృషణాలు తీసేస్తే ఆడకుక్క కోసం ఊరు పట్టుకు తిరగడం తగ్గవచ్చు. తరమడం తగ్గదు. అది మగతనంలోంచి వచ్చింది కాదు. ఆడవీ ఇలాగే తరుముతాయి, నా రెండోది ఆడదే. దానికి ఆపరేషన్ చేయించిన రోజు నేనొక పొరపాటు చేశాను. ఇది ఫలానా జాతి అని డాక్టరుకు నోరు తెరిచి చెప్పలేదు. చూస్తే తెలుస్తుందిలే అనుకున్నాను. కొన్ని పాత రకం మత్తుమందులు, ముఖ్యంగా థయోపెంటాల్, ఈ జాతుల ఒంట్లోంచి త్వరగా దిగవు. కొవ్వు తక్కువ, కాలేయం ఆ మందును మెల్లగా విరుస్తుంది. పది గంటలకు మత్తిస్తే దీపాలు పెట్టే వేళకు గానీ తల ఎత్తలేదు. ఆ పూటంతా దుప్పటి కప్పుకొని దాని పక్కనే కూర్చున్నాను. మీరు ఎప్పుడు ఏ ఆపరేషన్ చేయించినా ముందే 'ఇది సైట్‌హౌండ్', అంటే చూపుతో వేటాడే జాతి, అని చెప్పండి.

ఇక ములుగు మనిషి. దాని పని దానికి దొరుకుతుంది కదా అన్నారు. మీ ఊళ్లో హంటర్ రోడ్డు ఉంది గానీ, వేటకు దారి ఇప్పుడు ఏ రోడ్డు మీదా లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. తరమడమూ, కుక్కలను ఉసిగొల్పి పరిగెత్తించడమూ, ఆ ప్రయత్నం చేయడమూ అందులోకే వస్తాయి. పంది అయినా, చెవులపిల్లి అయినా. అది ఆయన తలనొప్పి అనుకుందాం. జీటీకి ఏమవుతుందో చూడండి. దాని తోలు ముళ్లకంచెకే చిరుగుతుంది, పంది కోర ముందు ఎంత? పొట్ట చీలిన కుక్కను ములుగు అడవిలోంచి ఆస్పత్రికి మోసుకొచ్చే వేటగాళ్లు ఉంటారేమో, నేను చూడలేదు. పైగా పందుల కోసం చేల చుట్టూ కరెంటు తీగలు పెట్టే ప్రాంతం అది. ఇరవై వేలు ఖర్చయిపోతాయి. ఆ తర్వాత బాపు మొహం చూడాల్సింది మీరే. ఈ ఒక్క దారి మాత్రం నేను వద్దనే అంటాను.

మిగతా దారులు మూడున్నాయి. మూడింటికీ ఖరీదుంది.

మొదటిది ఉంచుకోవడం. ఇలాగే కాదు, మార్చుకొని. మీ ప్రహరీ ఐదడుగులన్నారు, జీటీకి అది గడప. పైన ఇంకో రెండడుగుల జాలీ వేయించాలి. గేటుకు దానంతటదే మూసుకునే స్ప్రింగు పెట్టించాలి. నడిపించే పని బాపు ఒక్కరి మీద ఉండకూడదు. కట్టు విప్పాక ఆయన నడవాలి, నడుస్తారు కూడా, కానీ బెల్టు ఇంకొకరి చేతిలో ఉండాలి. మీరో మీ ఆయనో పొద్దున ఒక నలభై నిమిషాలు, సాయంత్రం ఇంకో నలభై నిమిషాలు ఇవ్వగలరా? ఒక రోజు కాదు, ఒక ఏడాది కాదు. ఈ జాతి పన్నెండేళ్లు సులువుగా బతుకుతుంది. మూడో ఏడు దాటాక కాస్త నిదానిస్తుంది గానీ కన్ను మారదు. బయట వదిలేసి తిప్పడం దానికి జీవితంలో కుదరదు. కుదురుతుందని యూట్యూబ్‌లో ఎవరైనా చూపిస్తే వాళ్ల అదృష్టం.

పరుగు మాత్రం కావాలి. వారానికి రెండుసార్లయినా నాలుగు వైపులా కంచె ఉన్న చోట వదలాలి. నాకు తట్టిన చోటు చెబుతాను, నవ్వకండి. బాక్స్ క్రికెట్ గ్రౌండు. చుట్టూ, పైనా నెట్టు ఉంటుంది, తెల్లవారుజామున ఖాళీగా ఉంటుంది, అరగంటకు మాట్లాడుకోవచ్చు. ఓనరు మొదట ఒప్పుకోడు. శుభ్రం చేసే పూచీ మీదేనని చెప్పి అడగండి. ఎండెక్కాక ఆ పచ్చ తివాచీ పెనంలా కాలుతుంది కాబట్టి వేసవిలో ఆరు దాటితే వద్దు. గ్రౌండు దొరకని రోజు వెదురు కర్రకు ఆరడుగుల తాడు, తాడు చివర పాత గుడ్డ కట్టి వాకిట్లో నేల మీద ఈడవండి. పది నిమిషాలు దాన్ని తరిమి పట్టుకోనిస్తే గంట నడకంత అలసిపోతుంది. పట్టుకున్నాక కాసేపు దాని నోట్లోనే ఉండనివ్వాలి. ఎప్పుడూ అందకపోతే దానికి పిచ్చెక్కుతుంది.

రెండో దారి, తమ్ముడు తీసుకుపోవడం. తెచ్చినవాడు అతనే కాబట్టి అడిగే హక్కు మీకుంది. పుణెలో ఫ్లాటు, కుక్కకు చోటెక్కడిది అంటాడు. బయట నడిపించేవాళ్లుంటే ఈ జాతి ఫ్లాటులో బాగానే ఉంటుంది. అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. కానీ పొద్దున తొమ్మిదికి పోయి రాత్రి తొమ్మిదికి వచ్చే ఒంటరి మనిషి దగ్గర అది పన్నెండు గంటలు తలుపు చూస్తూ కూర్చుంటుంది. కుక్క సమస్య పుణెకు బదిలీ అవుతుంది. మీ బాపు పొద్దున ఐదున్నర మళ్లీ ఖాళీ అవుతుంది.

మూడోది, సరైన చోటు చూసి ఇవ్వడం. చుట్టూ గోడ ఉన్న మామిడి తోట, కోళ్లు మేకలు లేని ఇల్లు, ఈ జాతిని ముందు సాకిన మనిషి. ఇలాంటి చోటు నెల రోజుల్లో దొరకదు. మూడు నాలుగు నెలలు పడుతుంది, కాబట్టి మీ ఆయనతో గడువు మాట్లాడుకోవాలి. డబ్బు తీసుకోకపోతేనే మంచిది. తీసుకుంటే వెనక్కి అడిగే మాట పోతుంది. 'వేటకు వాడను, ఉంచుకోలేకపోతే మీకే తిరిగిస్తాను' అని కాగితం రాయించుకోండి. ఆ ఇంటిని బాపు స్వయంగా చూసి రావాలి. జీటీ కొత్త చోట కొన్ని వారాలు సరిగా తినదు, అది మామూలే. బాపు ఎన్ని వారాలు తినరో మీరే ఊహించుకోండి.

ఏదీ తేల్చుకోకపోతే నాలుగోది దానంతటదే జరుగుతుంది. ఇప్పుడు జరుగుతున్నదే. గొలుసు, మెట్ల కింద, ఇంకో పదేళ్లు. అస్తమానం కట్టేసి వ్యాయామం లేకుండా ఉంచడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం. మీ ఇంటి మీదికి పోలీసులు వస్తారని బెదిరించడం లేదు. ఆ కుక్క మాత్రం మారిపోతుంది. ఎప్పుడూ కట్టేసి ఉంచిన కుక్క దగ్గరికొచ్చిన మనిషిని కరిచేది కావచ్చు. అప్పుడు మీ ఆయన భయం నిజమవుతుంది.

మీ ఆయన్ను నేను తప్పుపట్టను. ఆస్పత్రి బిల్లు కట్టింది ఆయన, పెద్దమ్మకు దండం పెట్టింది ఆయన. మీరు రాసినదాన్ని బట్టి ఆయనకు కుక్క మీద కన్నా, తనను అడగకుండా ఇంటికి ఒక ప్రాణిని తెచ్చిపెట్టి పుణె వెళ్లిపోయిన బావమరిది మీద ఎక్కువ కోపం. అది న్యాయమైన కోపమే. సంక్రాంతికి తమ్ముడు వస్తాడన్నారు కదా. ఆ రోజు నలుగురూ కూర్చోండి. ఖర్చులో తమ్ముడి వాటా ఎంత, పొద్దున నడక ఎవరిది, సాయంత్రం ఎవరిది అన్నది మాట్లాడుకోండి. మాట మొదలుపెట్టేది మాత్రం బాపు కావాలి. 'లాబ్రడార్ కొనిస్తాం, ఇది ఇచ్చేద్దాం' అని ముందే తేల్చి ఆయనకు వినిపించకండి. భార్య పోయిన మనిషికి ఇంకోటి తెచ్చిస్తామన్న మాట ఎలా వినపడుతుందో ఆలోచించండి. ఆయనే 'నాతోని కాదు, ఇచ్చేయండి' అనవచ్చు. అన్నా ఆశ్చర్యపోవద్దు. విరిగిన చెయ్యి ఆయనది, భయం ఆయనకూ ఉంటుంది. మంచం మార్చుకున్నది కుక్క కోసమో, తన వల్ల అది గొలుసు పాలైందన్న బాధతోనో, అడిగితే గానీ తెలియదు.

సంక్రాంతి దాకా ఆగకుండా ఈ వారమే చేయాల్సినవి రెండున్నాయి. రాత్రికి దాన్ని లోపల, బాపు గదిలో పడుకోబెట్టండి. పాత బొంత చాలు. మంచం కూడా గదిలోకి వస్తుంది. రెండోది మెడపట్టీ. ఈ జాతికి మెడ తల కన్నా లావు. మామూలు పట్టీ ఎంత బిగించినా, వెనక్కి నడిచి, చెవులు అణిచి, తల వంచిందంటే సబ్బు రాసిన చేతిలోంచి గాజు జారినట్టు జారిపోతుంది. చెరువు కట్ట మీద జరిగింది అదే. దీనికి మార్టింగేల్ కాలర్ అని వేరే రకం ఉంది. పెద్ద చుట్టుకు ఇంకో చిన్న చుట్టు ఉంటుంది, లాగినప్పుడు తల జారనంత మేరకే బిగుసుకుంటుంది, గొంతు నొక్కదు. దానితో పాటు ఒంటికి వేసే హార్నెస్ కూడా. బెల్టు నాలుగైదు అడుగులు దాటకూడదు. పొడుగైన కొద్దీ అది అందుకునే వేగం పెరిగి, పట్టుకున్నవాళ్ల మీద పడే దెబ్బ పెరుగుతుంది. చేతికి చుట్టుకోవడం మాత్రం ఎవరూ, ఎప్పుడూ చేయొద్దు.

ఆ కాలర్ హనుమకొండ షాపుల్లో దొరక్కపోతే ఆన్‌లైన్లో తెప్పించుకోండి, లేదా బ్యాగులు కుట్టేవాళ్లకు ఫొటో చూపించి రెండంగుళాల వెడల్పు పట్టీతో కుట్టించండి. కొలత రెండు చోట్ల కావాలి. చెవుల వెనక మెడ మొదట్లో ఒకటి, తల లావుగా ఉన్న చోట ఒకటి. దారంతో కొలవాలి, కుక్క కదలకుండా నిలబడాలి. మీరు కొలవబోతే నిలబడదు. బాపును పిలవండి, ఆయన ఎడమ చెయ్యి బాగానే ఉందిగా.